నలభై నాలుగో ఫిర్యాదు

"మళ్ళీ రాసాడు, సూడు!" కామేశ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఇది నలభై మూడోది!"

చందన ఉప్మా పళ్ళెం బల్ల మీద పెట్టింది. "ఈసారేటంతన్నాడు బావా?"

"'మీ అమరికలో చిటికెన వేలికి చాకిరీ ఎక్కువైంది. వేళ్ళ సంగతి తెలియనివారు ఇలాంటి పనికి పూనుకోరాదు' అంట! ఎవులడిగారు ఈడ్ని?"

అతని మంటలో న్యాయం లేకపోలేదు. కామేశ్ కాశీబుగ్గలో ఇంట్లోంచే హైదరాబాదు కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాడు. అవి రాసుకునే ఎడిటర్ అంటే అతనికి ప్రాణం. మౌసుతో పనిలేదు, ఏ మీట నొక్కితే ఏం జరగాలో మనమే రాసుకోవచ్చు. తోటివాళ్ళు రంగురంగుల ఎడిటర్లు చూపించి ఊరిస్తే, "అవి రెడీమేడ్ చొక్కాలు. ఇది కొలతలిచ్చి కుట్టించుకున్నది" అనేవాడు. అందులో తెలుగు కొట్టడం ఇబ్బందిగా ఉందని రెండేళ్ళ ఆదివారాలు ధారపోసి ఏ మీటకి ఏ అక్షరం పడాలో చెప్పే ఒక అమరిక తయారుచేశాడు. దాన్ని అందరికీ ఉచితంగా నెట్‌లో పెట్టాడు. వాడినవాళ్ళంతా బాగుందన్నారు. పేరు చెప్పని ఈ మనిషి ఒక్కడే ఎనిమిది నెలలుగా ప్రాణం తోడేస్తున్నాడు.

"ధర్మానికి దట్టీ ఇస్తే ఇంటెనక్కెళ్ళి మూరేసి సూసుకున్నాడంట. అలాగుంది ఈడి యవ్వారం. నిన్న ఊళ్ళో కరెంటూ లేదు, ఈడి పీడా లేదు. హాయిగా గడిచింది."

"ఎవరో పెద్దోరేమో బావా. అడిగింది సేసెయ్యరాదా?"

"ఏ కాలేజీలోనో తెలుగు లెక్చరరై ఉంటాడు. ఏసీలో కూకుని వంకలెతుకుతన్నాడు. నువ్వు ఆడి పక్షమేటి?"

చందన ఇంకో పళ్ళెం తీసుకుని గోడ అవతల మామగారి గదివైపు కదిలింది.

"నాన్నకి సట్నీ ఎక్కువెయ్యి" అన్నాడు కామేశ్, గొంతు తగ్గించి.

ఆ మాట తనే వెళ్ళి తండ్రితో అనలేడు. ఇప్పుడతను కూర్చున్న ఈ ముందుగదిలోనే తండ్రి తారకేశ్వరరావు ముప్పై ఏళ్ళు, వరుస వరుసకీ మిషన్ల గంటలు మోగే టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. కిందటేడు ఆయన బంధువులింట్లో పెళ్ళికని మందస వెళ్ళినప్పుడు, ఆఫీసుకు గది కావాలని కామేశ్ ఆ మిషన్లన్నీ పాత ఇనుముకి తూకమేసి ఇచ్చేశాడు. తిరిగొచ్చిన పెద్దాయన ఖాళీ గదిని చూశాడు. అరవలేదు, తిట్టలేదు. కొడుకుతో మాట్లాడడం మానేశాడు, అంతే. తుప్పు పట్టిన మిషన్ల కోసం కన్నకొడుకుని వెలేస్తారా అని కామేశ్‌కి ఉక్రోషం. ప్రవచనాలైనా వింటాడని తన పాత లాప్‌టాప్ చందన చేత ఇప్పించాడు. దానికీ ఉలుకూ పలుకూ లేదు, ఆ గదిలోంచి ప్రవచనమూ వినపడలేదు. తిట్టినా బాగుండునని అప్పుడప్పుడూ అనిపించేది.

తెర మీద మరో ఫిర్యాదు వచ్చి పడింది.

'వరుస చివరికి వస్తున్న సంగతి తెలియడం లేదు. చిన్న గంట మోగితే బాగుండును. ఇదొక్కటి చేసిపెట్టండి.'

"గంటంట! ఇదేటి, గుడా?" కామేశ్ పళ్ళు నూరాడు. "సేత్తాను. ఆ గంటేదో ఆడి మొకాన కొట్టి, మరి రాయకుండా తలుపేసేత్తాను."

ఖాళీ చేతులతో తిరిగొచ్చిన చందన గుమ్మంలో ఆగింది. "తలుపెయ్యకు బావా."

"ఎందుకెయ్యకూడదు? ఎనిమిది నెల్లు పడ్డాను!"

గంట తయారవడానికి పావుగంట పట్టలేదు. అతని ఎడిటర్‌లో అది ఆరు వరుసల పని. అంత కోపంలోనూ దాన్ని చూసి మురిసిపోయాడు. నెట్‌లో పెట్టేశాక కసితీరా జవాబు రాయడానికి కూర్చున్నాడు. రాశాడు, చాలా మెత్తగా ఉందని చెరిపాడు, మళ్ళీ రాశాడు.

'అయ్యా, ఇదిగో మీ గంట. మీతో నాకు మాటలు చాలు.'

పంపేసి, ఆ మనిషి ఇక జన్మలో రాయకుండా బ్లాక్ చేసే మీట మీద వేలు పెట్టాడు.

నాన్న గదిలో గంట మోగింది.