స్నానాల తొట్టిలో టర్కీ

థాంక్స్‌గివింగ్ పండగ నాటి ఉదయం ఆరింటికి చూస్తే, విందుకు తెచ్చిన మా పద్నాలుగు పౌండ్ల టర్కీ కోడి ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంది. దాన్ని స్నానాల తొట్టిలో చన్నీళ్లలో వేసి, పక్కన మా ఆయన ఆర్విల్‌ను కూర్చోబెట్టాను. గడ్డ కరిగేదాకా అరగంటకోసారి నీళ్లు మార్చాలి.

తొమ్మిదోసారి నీళ్లు మార్చే వేళకు స్నానాల గది లోపలినుంచి ఆర్విల్ మాటలు వినిపించాయి.

"నీ కడుపులో మా ఆవిడ ఏం కూరుతుందో తెలుసా తల్లీ? రొట్టె ముక్కలూ, గుప్పెడు సేజ్ ఆకూ. నలభై ఆరేళ్లుగా మింగుతున్నాను. ఆ ఆకు వాసనే నాకు పడదమ్మా! నీకు చెప్పినంత సులువుగా ఆవిడకు చెప్పలేను."

నేను చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లి, సేజ్ ఆకు లేకుండానే టర్కీలో కూరే డ్రెస్సింగ్ కలిపాను.

సాయంత్రం భోజనాల దగ్గర ఆర్విల్ మొదటి చెంచా నోట పెట్టుకుని ఆగిపోయాడు.

"విల్మా, సేజ్ ఏదీ?"

"నీకు పడదటగా."

"ఎవరు చెప్పారు?"

నేను పళ్లెంలోని టర్కీ వైపు చూశాను. ఆర్విల్ కూడా చూశాడు. అతని మొహం ఎర్రబడింది.

"నిన్ను నమ్మి చెప్పుకున్నానే!" అన్నాడు దానితో.

వచ్చే ఏడాది కూడా గడ్డకట్టిన టర్కీనే తెస్తాను. నీళ్లు మార్చే పని మాత్రం నాది. నాకూ చెప్పుకోవాల్సినవి నలభై ఆరేళ్లవి ఉన్నాయి. తలుపు ఓరగా తీసే ఉంచుతాను.