కొండ మునిగే చోటు

ఎల్లారావు చేపలు కోసే కత్తిని అబ్బులు మెడకు ఆనించాడు. నెత్తురు సన్నగా కారింది.

"మా తమ్ముణ్ని నువ్వే సంపేసి, పడవలోంచి జారిపడిపోనాడన్నావు."

పడవలో ఉన్నది వాళ్లిద్దరే. వెనక విశాఖ ఒడ్డు మీద సింహాచలం కొండ ఇంకా కనబడుతోంది. చేపల వేటకెళ్లేవాళ్లకు ఆ కొండే అప్పన్న.

"ఆయన సూత్తన్నాడు. నానిక్కడ సంపను. కొండ ములిగేదాకా పోనీ."

అబ్బులు బతిమాలలేదు. ఇంజను వేగం పెంచాడు.

కొండ నీలి గీతలా సన్నబడి, చివరికి నీళ్లలోకి దిగిపోయింది. ఆ చోట ఎంత పగతో ఉన్నవాడైనా అప్పన్నకు దండం పెట్టుకోకుండా ముందుకు పోడు. ఎల్లారావు కత్తిని చంకలో ఇరికించి, కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

అబ్బులు లంగరు ఎత్తి అతని నెత్తిన మోదాడు. పుర్రె పగిలిన చప్పుడు ఇంజను మోతలోనూ వినిపించింది. రెండో దెబ్బకు ఎల్లారావు సముద్రంలో పడ్డాడు.

అబ్బులు పడవను ఒడ్డు వైపు తిప్పాడు. కొండ మళ్లీ పైకి లేచేలోపు కడుక్కోవాలని చేతులు నీళ్లలో ముంచాడు.

ఎర్రబడిన అల కేసి చూస్తూ అన్నాడు:

"మీ తమ్ముడు కూడా ఇక్కడే దండమెట్టుకున్నాడు, బావ."