పైవాటా అడుగులు

పైకప్పు గరుకును పూడ్చి, నున్నగా, దళసరిగా పూత పూస్తే పైవాటా చప్పుడు కిందికి దిగదన్నది తాపీపనివారిలో పాతుకుపోయిన నమ్మకం. ఒకరి నోట విని ఒకరు చెప్పుకోవడమే తప్ప, పూతకు ముందూ తర్వాతా చెవి ఒగ్గి పోల్చి చూసినవారు అరుదు.

"ఇది ఆరాక పైన ఏనుగు నడిచినా మీకు తెలీదు సార్," అన్నాడు మేస్త్రీ. పరంజా మీద మెడ వెనక్కి వాల్చి, తడిపిన పాత పూతను రేకుతో గీకుతున్నాడు. ఎప్పటి ఫ్యాషనో గానీ, కప్పు నిండా ఆటలమ్మ పోసినట్టు పొక్కులు. అవి పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పరిచిన గోనెపట్టాల మీద పడుతున్నాయి.

ఆ పట్టాల నడుమ కుర్చీ వేసుకుని, గొడుగు విప్పుకుని కూర్చున్నాడు ఇంటి పెద్దాయన. వసారాలో కూర్చోమని ఎంత బతిమాలినా కదల్లేదు.

"ఏనుగంటే గుర్తొచ్చింది. అదిగో, విను."

పైన దబ్ దబ్ మని అడుగులు.

"ఇప్పుడు కిటికీ తెరుస్తుంది." కిర్రుమంది. "ఇప్పుడు కుర్చీ ఈడుస్తుంది." బర్రుమంది.

మేస్త్రీ పకపకా నవ్వాడు. "గొప్పగా కనిపెట్టారే! పైన అద్దెకున్నావిడా?"

"అద్దె కాదు, సొంతం."

"మాటల్లేవా?"

"ఏళ్ళయింది."

"అంత గొడవేం జరిగింది సార్?"

"ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు. ముందు ఎవరు మాట్లాడాలో మాత్రం ఇద్దరికీ బాగా తెలుసు. అవతలివాళ్ళు."

"అయితే ఇవాళ్టితో మీకు పీడ విరగడ."

పెద్దాయన గొడుగును ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "కాస్త పల్చగా పూస్తే?"

"పాత పొక్కులు పైకి తేలతాయి. ఊళ్ళో నా పరువేం కావాలి?"

"అన్నంలో పెచ్చులు రాలుతున్నాయని పూయిస్తున్నానయ్యా. చప్పుడు సంగతి నేనడిగానా?"

"అడక్కపోయినా ఇస్తాను సార్. కొసరు."

తడిపూత మొదలుపెట్టే ముందు మేస్త్రీ బయటి మెట్లెక్కి పైవాటా తలుపు తట్టాడు. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న ఆవిడ తలుపు తీసింది.

"కింద కప్పుకి పూత వేస్తున్నానమ్మా. అది ఆరేదాకా మీరు నడవకుండా ఓ చోట కూర్చోవాలి. అదిరితే జారిపోతుంది."

"ఆయన చెప్పమన్నారా?"

"లేదమ్మా, నా మాటే."

"ఆరాక?"

"ఆరాక మీ ఇష్టం. గంతులేసినా కిందికి వినిపించదు."

తలుపు అంచు మీదున్న ఆవిడ వేళ్ళు అక్కడే ఆగాయి. "వినిపించకూడదనే పూయిస్తున్నారా?"

సంతోషపెడదామని, "మీకూ హాయే కదమ్మా," అన్నాడు మేస్త్రీ.

"హాయే," అని ఆవిడ తలుపు వేసుకుంది.

రెండో పూత సగానికి వచ్చేసరికి గదిలో తాపీ జారే చప్పుడు తప్ప మరో అలికిడి లేదు. పెద్దాయన గొడుగు ముడిచాడు. లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"ఆవిడ కదలడం లేదేం?"

"నేనే కదలొద్దన్నాను సార్."

"పడిపోయిందేమో."

"కూర్చోమంటే ఎవరైనా పడిపోతారా సార్?"

పెద్దాయన నున్నటి తడికప్పును ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాడు. "గీకెయ్."

"ఏంటి?"

"ఆరకముందే గీకెయ్. పెచ్చులు రాలితే రాలనీ, పళ్ళెం మీద మూత పెట్టుకుంటాను. ఆ చప్పుడు కూడా లేకపోతే ఈ ఇంట్లో నాకు ఇంకేముందయ్యా?"

మేస్త్రీ చేతిలో తాపీ ఆగిపోయింది. ఇన్నేళ్ళ పనిలో పూసింది గీకమన్నవాణ్ణి అతడు చూడలేదు. "సగంలో వదిలితే కప్పంతా పాడవుతుంది సార్. ఆరనివ్వండి. అప్పటికీ వినిపించకపోతే నా చేత్తో నేనే గీకుతాను," అన్నాడు.

పూత ముగిశాక, కప్పు మీది ముదురు తడి మచ్చలు ఒక్కొక్కటే తెల్లబడే వరకు ఇద్దరూ తలలెత్తి కూర్చున్నారు. తర్వాత మేస్త్రీ పైకి వెళ్ళి, ఒకసారి నడవమని ఆవిడకు చెప్పి దిగివచ్చాడు.

మొదటి అడుగు పడింది. రెండోది పడింది. పాత గరుకు ఇన్నాళ్ళూ తనలో ఇముడ్చుకుంటూ వచ్చిన చిన్నచిన్న చప్పుళ్ళను నున్నటి కప్పు, ఖాళీ గోడలు కలిసి గదంతా పరిచాయి. చెప్పుల ఈడ్పు, మడమ తిరగడం, క్షణం ఆగడం, అన్నీ వినిపించాయి.

"కిటికీ," అన్నాడు పెద్దాయన కళ్ళు మూసుకుని.

కిర్రుమంది.

"పనంటే నీదయ్యా మేస్త్రీ!"

చెప్పింది జరగనందుకు మెప్పు పొందడం మేస్త్రీకి అదే మొదటిసారి. సామాను సర్దుకుని, చివరిసారి పైకి వెళ్ళాడు.

"తప్పయిందమ్మా. అంతా వినిపిస్తోంది. మునుపటికంటే ఎక్కువగానే."

ఆవిడ తలుపు మూయబోయింది.

"మీ చప్పుడు వినబడదేమోనని తడిపూత గీకెయ్యమన్నారమ్మా ఆ పెద్దాయన."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచింది. పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది.

మేస్త్రీకి చనువు వచ్చింది. "ఇరుగుపొరుగున్నాక మాటా మాటా అనుకోరా? ఇన్నేళ్ళ పంతమా? ఒక్కసారి దిగి పలకరించండమ్మా."

"ఇరుగుపొరుగువాళ్ళమైతే ఏనాడో పలకరించుకునేవాళ్ళం నాయనా," అంది ఆవిడ.

"ఆయన నా భర్త."