నవ్వేరా తల్లీ?

కొత్త ఇంజనీరు బాపిరాజు చేతిలోంచి టీ గ్లాసు జారి, క్లబ్బు సెక్రటరీ మల్లేశ్వరరావు తెల్ల ప్యాంటు మీద పడింది.

"అయ్యయ్యో, నీకు కాల్లేదు కదా బాబూ?" అన్నాడు సెక్రటరీ, తన తొడ ఊదుకుంటూ.

అందం కొరుక్కు తింటామా అంటారు గానీ, రాయగడలోని ఆ కాలనీ క్లబ్బులో అందానికి ముందు వరస కుర్చీ దొరికేది. బాపిరాజు మరి సినిమా హీరోలా ఉంటాడు!

ఆ సాయంత్రం టీవీలో తెలుగు హాస్యనాటిక. కాలనీ అంతా అక్కడే ఉంది.

గుమ్మంలోకి ఒకాయన వచ్చాడు. మొహం నిండా స్ఫోటకం మచ్చలు, చేతిలో గుడ్డ సంచి.

"నా పేరు అసిరయ్యండి. మాది గుణుపురం. బస్సుకింకా గంటుంది. ఈ నాటికొక్కటీ సూసి ఎల్తానండి. మా ఇంట్లో టీవీ లేదు."

మల్లేశ్వరరావు ఆ మొహాన్ని ఎగాదిగా చూశాడు.

"సూద్దువుగానిలే. ముందెళ్లి ఏంటెన్నా గొట్టం తిప్పు. బొమ్మ ఆడిపోతంది."

ఆయన బయటికెళ్లి తిప్పాడు.

"టికే, కొంచెం ఇటు! టికే అటు! ఆఁ, వచ్చింది! ఇంక కదపకు!" అని లోపల్నించి కేకలేశారు.

నాటిక మొదలైంది. బయట చినుకులూ మొదలయ్యాయి.

కిటికీ పక్కన కూర్చున్న సెక్రటరీ భార్య కామేశ్వరమ్మకి ప్రాణం ఉసూరుమంది.

"తడిసిపోతన్నావు. దాన్ని సెట్టుకి కట్టీసి లోపలికి రా బాబూ."

"గాలికి బొమ్మ ఆడితే నవ్వు తప్పిపోద్ది తల్లీ."

ఇంకేం చేస్తుంది? చువ్వల్లోంచి ఆవిడే కథ చెప్పసాగింది.

"ఇద్దరు గుమస్తాలు బాబూ. ఒకడు అందగాడు. ఇంకోడు... మనలాంటోడు. అందగాడు ఆఫీసరు గారి కూజా పగలగొట్టీసేడు. 'సేతికి దెబ్బ తగల్లేదు కదా నాయనా' అంటన్నాడు ఆఫీసరు."

లోపల ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా మల్లేశ్వరరావే నవ్వాడు.

"నవ్వేరా తల్లీ?"

"పొట్టలు పట్టుకుని నవ్వుతన్నారు. పాపం, ఆ రెండోవాడు పెంకులు ఏరుతుంటే, ఆడి జీతం కోసీసేరు."

"ఇక్కడా నవ్వేరా?"

"నవ్వేరు. నాకే ఏడుపొచ్చింది బాబూ."

ఆయన తడి మొహం తుడుచుకున్నాడు.

"అయితే సాలు తల్లీ."

ఇంతలో రోడ్డు మీద గుణుపురం బస్సు హారను వినిపించింది.

"ఆగు బాబూ, ఏడి టీ తాగి ఎల్దువు," అంటూ కామేశ్వరమ్మ లేచింది. గ్లాసుతో బయటికి వచ్చేసరికి ఆయన లేడు. గొట్టాన్ని తన తువ్వాలుతో జామచెట్టుకి కట్టి వెళ్లిపోయాడు.

ఆవిడ గ్లాసు పట్టుకునే కిటికీలోంచి లోపలికి చూసింది. నాటిక అయిపోయింది. లోపల ఎవరూ నవ్వడం లేదు.

గాలికి బొమ్మ కొంచెం వణుకుతోంది గానీ, దాని మీద పడిన అక్షరాలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి: "రచన: అసిరయ్య, గుణుపురం."