వాళ్ళ పిల్లలు

"'వాళ్ళ' అన్న మాట తప్పు బాబూ."

హాలు గుమ్మంలో కరపత్రాలు పంచుతున్న దివాకర్ తలెత్తి చూశాడు. డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఎర్ర పెన్ను. చూడగానే దివాకర్ ప్రాణం ఉసూరుమంది.

అసలే వేగిపోతున్నాడు. ఎన్నికలు మూడు వారాల్లోకి వచ్చాయి. అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న నమ్రత, యుద్ధం తెచ్చిపెట్టిన అధ్యక్షుణ్ణి పేరు పెట్టి నిలదీస్తోంది. అరోరా, నేపర్‌విల్ తెలుగువాళ్ళ చేత కూడా ఆ మాట అనిపించే బాధ్యత దివాకర్ నెత్తిన వేసుకున్నాడు. ఇవాళ ఈ హాల్లో ఒక్కరైనా లేచి తనవైపు మాట్లాడకపోతే ఇక్కడి ఓట్లు మర్చిపోవచ్చని ఆమె పొద్దునే చెప్పేసింది.

నెల రోజులుగా గడపగడపా తిరిగాడు. ఎవరిని కదిపినా ఒకటే పాట. యుద్ధం జరుగుతుండగా అధ్యక్షుణ్ణి విమర్శించకూడదట. అల్లుడి గ్రీన్‌కార్డు ఇంకా రాలేదట. టీవీ ముందు కూర్చుని తెగ తిట్టేవాళ్ళే, నలుగురిలోకి వచ్చేసరికి బెల్లం కొట్టిన రాళ్ళు.

ఇప్పుడు పానకంలో పుడకలా ఈయనొకడు.

పెద్దాయన కరపత్రంలో ఒక వాక్యం కింద ఎర్రగీత గీసి చూపించాడు.

'యుద్ధంలో వాళ్ళ పిల్లలు చనిపోతుంటే మనం చూస్తూ ఊరుకుందామా?'

రాసింది దివాకరే.

"'వాళ్ళ' తీసేసి 'మన' అని పెట్టండి."

తెలుగువాళ్ళు సభ పెడితే చాలు, తప్పులు ఏరడానికి ఒక మాస్టారు తయారవుతాడు. పోయినేడు ఉగాదికి అలాంటాయనకే మైకిస్తే అరసున్నా గురించి గంటసేపు వాయించాడు. గారెలు చల్లారిపోయాయి.

"అంకుల్, అక్కడ మనవాళ్ళు ఎవరున్నారు చెప్పండి. మన పిల్లలందరూ అయితే మెడిసిన్, లేకపోతే కంప్యూటర్ సైన్స్. 'మన' అని రాస్తే గ్రామర్ కరెక్టవుతుందేమో గానీ, అబద్ధమైపోతుంది."

పెద్దాయన పెన్నుకు మూత పెట్టాడు.

"పోనీ రెండు నిమిషాలు మైకు ఇస్తారా? నేను చెబుతాను."

టైమ్ లేదన్నాడు దివాకర్. ఏదైనా ఉంటే కాగితం మీద రాసిమ్మన్నాడు. ఆయన కదలకపోయేసరికి విసుగు పట్టలేక నోరు జారాడు.

"అవతల మనుషులు చస్తుంటే మీకు వ్యాకరణం కావలసొచ్చిందా?"

ఆయన కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని పార్కింగ్ వైపు వెళ్ళిపోయాడు. పీడ విరగడైందనుకున్నాడు దివాకర్.

సభ మొదలైంది. నమ్రత తన అమెరికా యాస తెలుగులోనే బాగా మాట్లాడింది. అధ్యక్షుడి నిర్ణయాలను ఒక్కొక్కటిగా కడిగేసింది. తర్వాత మాట్లాడే వాళ్ళెవరైనా ఉంటే రమ్మని దివాకర్ మూడుసార్లు పిలిచాడు. ఎవరూ లేవలేదు.

చివరికి రియల్ ఎస్టేట్ శ్యామ్‌సుందర్ లేచాడు. దివాకర్ పరుగున వెళ్ళి మైకు అందించాడు.

"అమ్మా నమ్రతా, నువ్వు చెప్పింది రైటే. కానీ ఆ యుద్ధంలో మన పిల్లలెవరూ లేరు కదా. అధ్యక్షుడితో పేచీ మనకెందుకమ్మా?"

హాలంతా చప్పట్లు. సభ అక్కడితో సరి. జనం సమోసాల మీద పడ్డారు. నమ్రత కోటు తీసుకుని, దివాకర్ వైపు చూడకుండానే కారెక్కింది.

దివాకర్ కుర్చీలు మడుస్తూ లోలోపల మండిపోయాడు. ఇంతమందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు శ్యామ్‌సుందర్‌కి జవాబు చెప్పే మొనగాడు లేకపోయాడు. వీళ్ళ కోసమా తను నెల రోజులు చెప్పులరిగేలా తిరిగింది?

నర్సుగా పనిచేసే ప్రమోద సాయం చేయడానికి వచ్చింది. వస్తూనే, "వాసుదేవరావుగారు మాట్లాడలేదేం? ఎక్కడో పార్సిప్పనీ అనే ఊరి నుంచి ఈమధ్యే మా పక్కింట్లోకి వచ్చారు. గుమ్మం దగ్గర మీతోనే ఉన్నారు కదా" అంది.

"ఎర్ర పెన్ను మాస్టారా? నేనే పంపించేశాను. తెలుగు తప్పులు దిద్దడానికి వచ్చారండీ."

ప్రమోద చేతిలో కుర్చీ కింద పెట్టేసింది.

"మాస్టారు కాదు, ఆయన రిటైరైన ఇంజనీరు" అంది. "వాళ్ళ అమ్మాయి ఇషిత ఆర్మీలో డాక్టరు; ఆగస్టులో ఆ యుద్ధం నుంచే జెండా కప్పి తీసుకొచ్చారు, అప్పట్నుంచీ నాతో తప్ప ఎవరితోనూ ఆ మాట ఎత్తని మనిషి ఇవాళ అందరి ముందూ చెబుతానని వచ్చారు."