విప్పని పెట్టె

"చెయ్యి పెట్టకండి!" అక్కా తమ్ముడూ ఒక్కసారే అరిచారు.

కొట్టాయన నవ్వి, తొడుగులు వేసుకున్న చేతులు చూపించాడు. పాత కంప్యూటర్ ఆటలకు ధర కట్టి కొనే కొట్టు అది. గోడల నిండా క్యాసెట్లు, ఫ్లాపీలు, రంగు వెలిసిన అట్టపెట్టెలు. బల్లమీద వాళ్లు తెచ్చిన 'మంత్రగాడి మేడ' ఉంది. పెట్టెమీద ఒక మేడ, మూసిన గేటు. దానిపైన తళతళలాడే ప్లాస్టిక్ కవరు.

"ముప్పై ఐదేళ్లుగా విప్పనే లేదా?"

"విప్పనిస్తేగా!" అంది అక్క. "మా మామయ్య ఇద్దరికీ కలిపి ఒక్కటే తెచ్చాడు. ముందెవరు ఆడాలని జుట్లు పట్టుకున్నాం. మీరు రాజీకొచ్చిన రోజు విప్పుతానని అమ్మ బీరువా మీద పెట్టేసింది. వీడు రాజీకొచ్చే రకమా? రెండేళ్లకు కంప్యూటరే పాడైపోయింది."

"చిన్నవాణ్ణి, ముందు నాకివ్వాలా వద్దా?" అన్నాడు నలభై ఐదేళ్ల తమ్ముడు.

వాళ్లమ్మ కుర్చీలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మోకాళ్ల నొప్పులని వీధి చివరికి కూడా వెళ్లని మనిషి, పొద్దున్నే చీర మార్చుకుని "నేనూ వస్తా" అంది. అక్కకు అది వింతగానే ఉంది.

"బాబూ, ఇవన్నీ మీరు ఆడి చూస్తారా, ఊరికే ధర కడతారా?" అని అడిగింది ఆవిడ.

"అన్నీ ఆడినవేనమ్మా. ఈ మేడైతే చివరిదాకా ఆడాను."

"అలాగా!" కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

అక్కాతమ్ముళ్ల ధ్యాసంతా కవరు మీదే ఉంది. విప్పని పెట్టె అయితే వచ్చే డబ్బుతో అమ్మ వంటింటి కప్పు బాగుచేయించాలని అనుకున్నారు. చినుకు పడితే చాలు, పొయ్యి చుట్టూ గిన్నెలు పరవాల్సి వస్తోంది. విప్పిందైతే అందులో పదోవంతు కూడా రాదు.

కొట్టాయన భూతద్దంతో నాలుగువైపులా చూసి నిట్టూర్చాడు.

"కవరు పాతదే. కానీ ఎవరో విప్పి, ఇస్త్రీపెట్టెతో మళ్లీ అతికించారు."

"ఇస్త్రీపెట్టెతోనా? కరిగి ముద్దయిపోదూ?" అన్నాడు తమ్ముడు.

"మధ్యలో గుడ్డ వేస్తే కరగదు," అంది అమ్మ.

"అంతేనమ్మా. ఈ మూలలు చూడండి, పుస్తకానికి అట్ట వేసినంత పొందిగ్గా మడిచారు."

తమ్ముడు అక్కవైపు తిరిగాడు. "నీ పుస్తకాల అట్టలు అచ్చం ఇలాగే ఉండేవి!"

"నీవి మాత్రం? ఇలాగే ఉండేవి కావూ?"

"నేను బడినుంచి వచ్చేసరికి టీవీ వేడిగా ఉండేది. కంప్యూటర్ తగిలించేది దానికేగా! ముందొచ్చేదానివి నువ్వేగా!"

"నేనొచ్చేసరికీ వేడిగానే ఉండేది. కడుపునొప్పని బడి ఎగ్గొట్టిందెవరు?"

"పోన్లెండర్రా," అంది అమ్మ. "మిగతా కొంపంతా బాగానే ఉందిగా. గిన్నెలకేం కరువా?"

అక్క తమ్ముడివైపు గుర్రుగా చూసింది. పదకొండేళ్లప్పుడు ఒకరోజు స్టూలెక్కి ఆ పెట్టె చేతిలోకి తీసుకుంది. ఎంత నోరూరినా, తమ్ముడు మోసపోతాడని విప్పకుండానే మళ్లీ పెట్టేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లూ లోలోపల దాచుకున్న గొప్ప అది. ఇప్పుడు వీడు తననే దొంగంటాడా?

కొట్టాయన కాగితంమీద చిన్న అంకె వేసి ఇచ్చాడు. తమ్ముడు దాన్ని జేబులో కుక్కుకుని విసవిసా బయటికి నడిచాడు. అక్క తలుపుదాకా వెళ్లి, అమ్మ రాలేదని వెనక్కి చూసింది.

అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, బల్లమీదికి వంగి, గొంతు తగ్గించి అడుగుతోంది.

"బాబూ, మూడో అంతస్తులో ఆ నీలం తలుపు ఎలా తెరుచుకుంటుంది?"