డీలర్ గారి ఓడ ప్రయాణం

"ఇస్త్రీపెట్టె ఎందుకు పెట్టినావు? తియ్యి, తియ్యి! ఓడ దగ్గర అది కనపడిందంటే గుంజుకుంటారు. ఏం మనిషివే నువ్వు?"

బ్రహ్మానందం గొంతు సిమెంటు షాపు దాటి రోడ్డు అవతలి టీకొట్టు దాకా వినిపించింది. షాపు వెనక గదుల్లోనే కాపురం. గుమ్మం పక్కన సూట్‌కేసు సర్దుతున్న ఇందిరమ్మ ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టింది.

ఆ ఏడాది ఎక్కువ బస్తాలు అమ్మిన డీలర్లను సిమెంటు కంపెనీ చెన్నై నుంచి శ్రీలంక దాకా ఐదు రోజులు ఓడలో తిప్పుతోంది. షాపుకు ఒక్క టికెట్. ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచి బ్రహ్మానందం మార్కాపురంలో ఎవరితోనూ మామూలుగా మాట్లాడటం మానేశాడు. ఓడ లోపల ఎలా ఉంటుందో ఆయన చూసింది ఫోన్‌లోనే. నీళ్ల మీద చేసిన ప్రయాణమల్లా శ్రీశైలం డ్యాంలో లాంచీ మీద, అదీ కడ్డీ పట్టుకుని, కళ్లు మూసుకుని. అయినా వారం తిరిగేసరికి ఆరిందా అయిపోయాడు.

గొడ్లకొట్టం కట్టుకుంటున్న పుల్లయ్య అనే రైతు సిమెంటు కోసం వచ్చి అరగంట నుంచి నిలబడి ఉన్నాడు. ఓడ సంగతులు అయితే గానీ బస్తాలు కదిలేలా లేవు.

"ఓడంటే మన లాంచీ లాంటిదేనా అన్నా?" అన్నాడు.

"లాంచీయా! నీకు చెప్పేదానికంటే ఈ బస్తాలకు చెప్పుకుంటే నయం. పద్నాలుగు అంతస్తులుంటది. పైన ఈతకొలను కూడా ఉంటది."

"నీళ్ల మీద పోతా మళ్లీ నీళ్లెందుకన్నా?"

అలాంటి ప్రశ్నకు బదులిస్తే తన స్థాయి తగ్గుతుందన్నట్టు బ్రహ్మానందం మొహం తిప్పుకున్నాడు. నిజానికి ఆయనకూ తెలియదు.

"పెట్టె చేతిలోనే ఉంటదాండీ?" ఇందిరమ్మ అడిగింది.

"రేవులోనే తీసుకుంటారు. గదికి చేరేసరికి సాయంత్రమైతది. అందుకే మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాల. ఈమాత్రం తెలవదా?"

"తెలవకనే గదా అడిగేది. కడుపులో తిప్పితే?"

"తిప్పకముందే బిళ్ల వేసుకోవాల. తిప్పినాక వేసుకుంటే బిళ్ల కూడా సముద్రంలోకే పోతది. కింది అంతస్తులో, ఓడకు నడిమిన గది తీసుకుంటే ఊపు తక్కువ. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి నడిమి గదే కావాలని చెప్పు."

"చెప్పినా. ఇస్తామన్నారు."

"పాస్‌పోర్టు కాపీ?"

"పోయిన వారమే పంపినా."

ఫోన్లు చేయడం, కాగితాలు పంపడం గుమాస్తా పనులని బ్రహ్మానందం ఉద్దేశం. జీతం అడగని గుమాస్తా ఇంట్లోనే ఉండగా ఆయన చేతులు అరగదీసుకోవడం దేనికి?

రెండేళ్ల కిందట సింగపూర్ పోదామని ఇద్దరికీ పాస్‌పోర్టులు తీయించాడు. తీరా టైముకు స్నేహితులతో ఒక్కడే పోయాడు. ఆడవాళ్లు వెంట ఉంటే దండగ ఖర్చట. ఇందిరమ్మకు యాభై నాలుగేళ్లు. ఇంతవరకు సముద్రం చూడలేదు. ఒంగోలులో పెళ్లికి పోయినప్పుడు, అరగంట పోతే సముద్రమే, ఒక్కసారి చూపించమని అడిగింది. షాపు మూసేసి వచ్చాననే వంకతో భోజనాలు కాగానే వెనక్కి తోలుకొచ్చాడు.

"ఒకసారన్నా సముద్రం చూడాలనుందండీ," అంది ఇందిరమ్మ, తల ఎత్తకుండానే.

"దోర్నాల ఘాటెక్కితేనే బస్సు కిటికీలోంచి తల బయటపెట్టేదానివి, నీకు సముద్రమా? టీవీలో చూసుకో. అయినా టికెట్టు డీలర్‌కు, డీలర్ పెండ్లానికి కాదు."

"అట్లంటావేందన్నా? పాపం వదినె..." అన్నాడు పుల్లయ్య.

"నీ కొట్టం సంగతి నువ్వు చూసుకో."

పుల్లయ్యకు ఒళ్లు మండింది. కానీ సిమెంటు ఉద్దెరకు ఇవ్వాల్సింది ఆయనే, అందుకని బస్తాలు లెక్కపెట్టుకోసాగాడు.

"ఇంకో మాట," బ్రహ్మానందం కుర్చీలో వెనక్కి వాలాడు. "ఓడెక్కంగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాల. లేకుంటే వచ్చే బిల్లు చూసి గుండె ఆగిపోతది."

"మరి ఇంటికి ఫోన్ ఎట్ల చేసేది?" ఇందిరమ్మ అడిగింది.

"చేయొద్దు. ఐదు రోజులు ఇంట్లో వాళ్లు వాళ్ల తిండి వాళ్లు తిని, వాళ్ల పని వాళ్లు చూసుకుంటే చాలు. చచ్చిపోరులే."

"కొలంబోలో దిగి తిరిగి రావడం లేటైతే?"

"చెయ్యెత్తితే ఆగేదానికి అదేమన్నా ఆర్టీసీ బస్సా? వదిలేసి పోతది. చెప్పిన టైముకు గంట ముందే ఎక్కాల. ఇవన్నీ కాగితం మీద రాసి చేతిసంచిలో పెట్టు."

"రాస్తూనే ఉన్నా."

"బట్టలు పెట్టినావా?"

"చివర్లో పెడతా."

అంతలో షాపు ముందు బైకు ఆగింది. కంపెనీ తరఫున తిరిగే జీవన్ కుమార్ కవరు పట్టుకుని లోపలికి వచ్చాడు.

"రా నాయనా, రా! టికెట్టు తెచ్చినావా? పుల్లయ్యా, పక్కకు జరుగు. నీ మట్టిచేతులతో ముట్టుకునేవు!"

"తెచ్చినా సార్. డీలర్ సంతకం తీసుకుని ఇచ్చిపోదామని..."

బ్రహ్మానందం జేబులోంచి పెన్ను తీసి, క్యాప్ ఊడదీసి, నలుగురూ చూస్తున్నారా లేదా అని రోడ్డు మీదికి కూడా ఒకసారి చూశాడు. జీవన్ కుమార్ మాత్రం కవరు ఇవ్వకుండా నసిగాడు.

"సార్, రికార్డులో ఉన్న డీలర్‌కే టూరు. పేరు మార్చేదానికి లేదు. కంపెనీ రూలు."

"మార్చమని ఎవడడిగినాడయ్యా? ఈ షాపు ఎవరిదో మార్కాపురంలో ఏ మేస్త్రీని అడిగినా చెప్తాడు!"

ఇందిరమ్మ లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని ముందుకు వచ్చింది. "ఇట్లియ్యండి," అని మొగుడి చేతిలోంచి పెన్ను తీసుకుంది.

టాక్సు తప్పుతుందని ఆ షాపును ఆమె పేరున పెట్టించింది బ్రహ్మానందమే.